పడమటి గోడకు బీరపాదు

డల్లాస్ ఎండకు అమ్మ చెప్పిన మందు.. నోటీసును దాటుకుని నిలిచిన పందిరి

టెక్సస్‌లో ఇల్లు కొనేటప్పుడు మనవాళ్లు ముందుగా తూర్పు ఫేసింగ్ చూస్తారు. వంటగది ఆగ్నేయంలో ఉందా, ఈశాన్యం ఖాళీగా ఉందా అని చూస్తారు. స్కూలు రేటింగు చూస్తారు. పడమటి గోడ ఎంత పొడవుందో మాత్రం ఎవరూ కొలవరు. మొదటి ఆగస్టు కరెంటు బిల్లు చేతికి వచ్చాక దాని సంగతి అందరికీ తెలుస్తుంది.

డల్లాస్ చుట్టుపక్కల వేసవి అంటే మన పల్నాడు రోహిణికార్తెను నాలుగు నెలలు సాగదీసినట్టు ఉంటుంది. 2011లో డల్లాస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం దగ్గర 71 రోజులు 100 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 38 సెల్సియస్ దాటింది. అందులో 40 రోజులు వరసగా దాటింది. మధ్యాహ్నం రెండు గంటల నుంచి రాత్రి ఎనిమిదిన్నర దాకా సూర్యుడు పడమటి గోడనే చూస్తుంటాడు. ఆ ఎండను ఇటుక పీల్చుకుని, మనం పడుకునే వేళకు గదిలోకి వదులుతుంది. ప్లేనోలోని మా ఇంట్లో ఆ గోడకు అవతల అమ్మానాన్నల కోసం ఉంచిన పడకగది ఉంది.

గత ఏడాది ఏప్రిల్‌లో అమ్మ ఒక్కతే వచ్చింది. నాన్నకు మోకాళ్ల నొప్పి, అంతసేపు విమానంలో కూర్చోలేరు. మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. వచ్చిన మూడో రోజు సాయంత్రం అమ్మ ఆ గోడ మీద చెయ్యి ఆనించి వెంటనే తీసేసింది. “ఏమే, ఇంత గోడ ఉత్తినే ఎండుతుంటే చూస్తా ఊరుకున్నారా? ఒక బీరపాదు పెడితే గదికి నీడా, కూరకు కాయా” అంది.

అప్పటికి ఆవిడకు తోచుబాటు లేదు. మేమిద్దరం ఆఫీసులకు, పిల్లలు బడికి. “ఇదేం ఊరే తల్లీ, మధ్యాహ్నం రోడ్డు మీద పిట్ట కూడా కనపడదు” అని రోజుకు రెండుసార్లు అనేది. సందర్శకుల వీసా మీద వచ్చే మన పెద్దవాళ్లకు సాధారణంగా ఆరు నెలల గడువు ఇస్తారు. ఆ ఆరు నెలలు ఎలా గడుస్తాయన్న బెంగ వాళ్లకూ ఉంటుంది, మనకూ ఉంటుంది. మా ఇంట్లో ఆ బెంగను తీర్చింది ఒక తీగ. అది గోడెక్కిన కథలో తోటపని ఉంది, ఇంటి పునాదుల శాస్త్రం ఉంది, టెక్సస్ చట్టం కూడా ఉంది. తీగ లాగితే డొంకంతా కదిలింది.

అన్ని తీగలూ గోడకు పనికిరావు

తీగలు ఎగబాకే తీరు ఒక్కోదానిది ఒక్కో రకం. చార్లెస్ డార్విన్ ఈ విషయం మీదే 1865లో పెద్ద వ్యాసం రాసి, 1875లో పుస్తకంగా తెచ్చాడు. చిక్కుడు, బచ్చలి కర్రకు మెలితిరిగి పైకి పోతాయి. బీర, సొర, కాకర, దొండ, పొట్ల నులితీగలు వేసి, దొరికిన సన్నపాటి తీగనో పుల్లనో చుట్టుకుంటాయి. వీటిలో ఏదీ ఉత్త గోడను పట్టుకోలేదు. గోడకు దూరంగా తడకో జాలీయో కావాలి.

గోడనే పట్టుకునే జాతి వేరు. ఇంగ్లిష్ ఐవీ కాండం నుంచి సన్నటి వేళ్లు వచ్చి ఇటుక గరుకులోకి దిగుతాయి. బోస్టన్ ఐవీకి చిన్న చిన్న అంటుడు బిళ్లలు ఉంటాయి. షికాగోలో రిగ్లీ ఫీల్డ్ బేస్‌బాల్ మైదానం గోడ మీద 1937 నుంచి పెరుగుతున్నది ఈ జాతే. అక్కడ బంతి ఆ ఆకుల్లో ఇరుక్కుంటే ఆటలో దానికి ప్రత్యేక నియమమే ఉంది. పేరులో బోస్టన్ ఉన్నా దాని పుట్టిల్లు చైనా, జపాన్, కొరియాల వైపు.

చూడ్డానికి అందంగా ఉంటుందని మనవాళ్లు కొందరు ఈ ఐవీలను ఇంటి గోడకు పెడుతున్నారు. ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఐవీ పాకిన పాత గోడలను పరిశీలించి, ఆ ఆకుల కప్పు గోడను ఎండ నుంచీ చలి నుంచీ కాపాడుతుందని చెప్పారు. అయితే గోడకు ముందే పగుళ్లు ఉంటే వేళ్లు అందులోకి దిగుతాయనీ చెప్పారు. అవి మందపాటి పాత గోడలు. అమెరికాలో మన ఇళ్లు అలాంటివి కావు. టెక్సస్‌లో బయటికి కనిపించే ఇటుక ఒక్క వరసే. దాని వెనక కొంచెం ఖాళీ, ఆ వెనక చెక్క చట్రం. లోపల చేరిన తడి బయటికి పోవడానికి కింది వరసలో చిన్న సందులు వదులుతారు. ఐవీ ఆ సందులను మూసేస్తే తడి లోపలే ఉండిపోతుంది, చెక్క పాడవుతుంది. న్యూజెర్సీ వైపు ఎక్కువగా కనిపించే వినైల్ పలకల గోడలైతే ఇంకా సున్నితం. తీగ కొస పలకల కిందికి దూరి వాటిని పైకి లేపేస్తుంది. పైగా దట్టమైన ఐవీలో ఎలుకలు కాపురం పెడతాయి. ఓరెగాన్ రాష్ట్రంలో ఇంగ్లిష్ ఐవీ అమ్మకమే నిషేధం.

అందుకే అమ్మ చెప్పిన పద్ధతి మా ఇంటికి సరిపోయింది. గోడకు తీగ తగలదు, నీడ మాత్రం తగులుతుంది. ఆకులు ఎండను ముందే ఆపేస్తాయి. అవి వదిలే నీటి ఆవిరి వల్ల మధ్యలో గాలి చల్లబడుతుంది. చలికాలం వచ్చేసరికి తీగ ఎండిపోతుంది, అప్పుడు గోడకు వెచ్చటి ఎండ కావాలి కాబట్టి అదీ మంచిదే. ఏడాది పొడవునా పచ్చగా ఉండే తీగకు ఈ సుగుణం లేదు.

నల్లరేగడి నుంచి నల్లరేగడికి

తవ్వడం మొదలుపెట్టగానే అమ్మ మట్టి చేతిలోకి తీసుకుని నలిపి చూసింది. “ఇది మన రేగడే కదే!” అంది. నిజమే. డల్లాస్ నేలను ఇక్కడ బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. మన పత్తి చేల నల్లరేగడిదీ దీనిదీ ఒకటే వర్గం. ఇక్కడా ఒకప్పుడు ఈ నేలల్లో పత్తే పండించేవారు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది.

పైరుకు మంచిదైన ఈ గుణమే ఇళ్లకు శాపం. ఎండాకాలం నేల కుంచించుకుపోయి పునాది పలక ఒక పక్కకు కుంగుతుంది, గోడలకు పగుళ్లు వస్తాయి. అందుకే ఇక్కడ వేసవిలో ఇంటి చుట్టూ చెమ్మ కారే గొట్టాలు పరచి పునాది పక్క నేలను తడుపుతారు. ఇది చూసి అమ్మ నోరెళ్లబెట్టింది. “పునాదికి నీళ్లు పెట్టడమేంటే, అదేమన్నా మొక్కా?”

ఈ లెక్క తీగలు పెట్టేవాళ్లకు బాగా పనికొస్తుంది. పాదు గోడను ఆనుకుని పెట్టకూడదు. మేం రెండడుగుల దూరంలో పెట్టాం. గోడ పొడవునా ఒకేలా తడిసేలా చూశాం. ఒక చోట బురద, ఇంకో చోట నెర్రెలు ఉంటేనే పునాదికి చేటు. మట్టిని, గడ్డి పరుపును పునాది పలక పైకి ఎక్కనివ్వకూడదు. ఇటుకకూ నేలకూ మధ్య పలక కొంత కనపడుతూ ఉండాలి. లేదంటే చెదలు ఎప్పుడు గోడలోకి ఎక్కాయో కూడా తెలియదు.

నీళ్ల కట్టడి సంగతి కూడా తెలుసుకోవాలి. డల్లాస్ నగరంలో స్ప్రింక్లర్లు వారానికి రెండు రోజులకు మించి వాడకూడదు. చేత్తో పోసుకోవడానికి, బొట్టుబొట్టు పద్ధతికి వెసులుబాటు ఉంది. మీ ఊరి నీటి విభాగం నిబంధన ఒకసారి చూసుకోండి. అమ్మకు మాత్రం చేత్తో పోయడమే ఇష్టం. తెల్లవారుజామున ఐదున్నరకే లేచి చెంబుతో పాదుపాదుకూ పోసేది. “గొట్టంతో పోస్తే దానికి దాహం తీరిందో లేదో మనకెట్టా తెలుస్తుంది?” అనేది.

పశువుల కంచెతో పందిరి

వెదురు, సర్వీ బాదులు ఇక్కడ దొరకవు. వాటికి బదులు పశువుల దొడ్లకు వాడే ఇనుప జాలీ పలకలు వ్యవసాయ సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి. పొడవు 16 అడుగులు, వెడల్పు 50 అంగుళాలు. తుప్పు పట్టకుండా పూత ఉంటుంది. డల్లాస్, హ్యూస్టన్ తెలుగువాళ్ల పెరళ్లలో సొరపందిళ్లలో చాలావరకు ఈ పలకలే. వంచి కమానులా నిలబెడితే కింద మంచం వేసుకోవచ్చు. నేలలో ఇనుప గుంజలు దిగ్గొట్టి గోడకు సమాంతరంగా నిలబెడితే పచ్చటి తెర తయారవుతుంది.

మేం రెండో పద్ధతిలో వెళ్లాం. గోడకు అడుగు దూరంలో గుంజలు, వాటికి పలకలు. ఇటుకకు ఒక్క రంధ్రం కూడా పెట్టలేదు. ఎవరైనా గోడకే బిగించుకోవాలనుకుంటే ఇటుకలో కాకుండా రెండు ఇటుకల మధ్య సిమెంటు గీతలో రంధ్రం పెట్టాలి. తడక గోడకు కనీసం నాలుగైదు అంగుళాలు ఎడంగా ఉండాలి. ఏసీ బయటి యంత్రం చుట్టూ రెండడుగులు ఖాళీ వదలాలి. గ్యాస్ మీటరు, కరెంటు మీటరు మీదికి తీగ పోనివ్వకూడదు.

విత్తనాలు తోటి తెలుగువాళ్ల దగ్గర తెచ్చుకున్నాం. వసంతం రాగానే ఇక్కడి వాట్సాప్ గ్రూపుల్లో ‘నా దగ్గర కాకర నారు ఉంది, మీ దగ్గర దొండ కొమ్మ ఉందా’ అనే బేరాలే ఎక్కువ. ఇండియా నుంచి వచ్చేటప్పుడు సంచిలో గింజలు వేసుకురావడం చాలామందికి అలవాటు. కానీ విత్తనాలైనా మొక్కలైనా కస్టమ్స్ దగ్గర చెప్పి తీరాలి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. లేకపోతే తీసేసుకుంటారు. దాచి తెస్తే జరిమానా కూడా. పెద్దవాళ్లను ఆ ఇబ్బందిలో పెట్టకపోవడం మంచిది.

టార్చిలైటు వెలుగులో పెళ్లి

బీర, సొర, కాకర ఏప్రిల్ మొదట్లో విత్తాం. సొర గింజ పెంకు గట్టిది, రాత్రంతా నానబెడితే త్వరగా మొలుస్తుంది. తీగ ఆరడుగులు పెరిగాక అమ్మ చిగురు తుంచేసింది. సొరకు తల్లితీగ మీద ఎక్కువగా మగపూలే వస్తాయి. పిల్లతీగలు, వాటి పిల్లలు వచ్చాకే ఆడపూలు బాగా పడతాయి. ఇప్పుడు యూట్యూబ్‌లో దీన్ని త్రీజీ కటింగ్ అంటున్నారు. అమ్మకు ఆ పేరు తెలియదు, పని తెలుసు.

జూన్ మొదట్లో పూత బాగా వచ్చింది. పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయి. ఇది అమెరికాలో చాలామంది చెప్పే ఫిర్యాదే. కారణం తెగులు కాదు. సొర తెల్లపూలు, బీర పసుపుపూలు సాయంత్రం విచ్చుకుంటాయి. వాటి దగ్గరికి రావాల్సినవి రాత్రిపూట తిరిగే చిమ్మటలు. మందులు కొట్టే పచ్చిక బయళ్ల మధ్య, రాత్రంతా దీపాలు వెలిగే కాలనీల్లో అవి చాలినన్ని రావు. కాకర పూలు పొద్దున పూస్తాయి కాబట్టి తేనెటీగలు ఆ పని చూసుకుంటాయి.

విరుగుడు తేలిక. పొద్దుగూకాక మగపువ్వు తెంపి, రేకులు తీసేసి, పుప్పొడిని ఆడపువ్వు నడిమికి అద్దాలి. కింద చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు, ఉత్త కాడ ఉన్నది మగపువ్వు. రాత్రి ఎనిమిదిన్నరకు అమ్మ పువ్వు పట్టుకుని, మా ఏడేళ్ల పాప టార్చిలైటు పట్టుకుని పందిరి వెంట తిరిగేవారు. “ఈరోజు మూడు పెళ్లిళ్లు చేశాం అమ్మమ్మా” అని పాప లెక్క రాసేది. తెలుగు మాట్లాడమంటే ముఖం తిప్పుకునే పిల్లకు పిందె, నులితీగ, పాదు అనే మాటలు ఆ నెలలో వచ్చేశాయి.

సొరకాయ విషయంలో ఒక జాగ్రత్త. వండే ముందు చిన్న ముక్క కొరికి చూడండి. చేదుగా ఉంటే కాయంతా పారేయండి. చేదు సొరకాయ విషంతో సమానం. రసం తాగి ఆస్పత్రి పాలైనవాళ్లు ఉన్నారు. భారత వైద్య పరిశోధన మండలి కూడా దీని మీద హెచ్చరించింది.

నోటీసు వచ్చింది

జూన్ మూడో వారంలో మా కాలనీ హోం ఓనర్స్ అసోసియేషన్, అదే హెచ్‌ఓఏ నుంచి రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చింది. పక్కగోడ వెంట అనుమతి లేని నిర్మాణం రోడ్డు మీదికి కనిపిస్తోందట. 14 రోజుల్లో తీసేయాలట. లేకపోతే జరిమానా. కాలనీ నియమావళిలో తీగలకు అభ్యంతరం లేదు. తడకల ప్రస్తావనే లేదు. శాశ్వత నిర్మాణాలకు మాత్రమే అనుమతి కావాలి. గుంజలు నేలలోకి దిగాయి కాబట్టి అది నిర్మాణమేనని వాళ్ల వాదన. సీజన్ అయ్యాక తీసేసేది శాశ్వతం ఎలా అవుతుందన్నది మా వాదన.

ఉత్తరంలో ఏముందో చెబితే అమ్మ కాసేపు మాట్లాడలేదు. “నా వల్ల మీకు మాట వచ్చింది. అల్లుడుగారితో చెప్పి పీకించెయ్యి. ఎవరి ఊళ్లో వాళ్ల రూలు” అంది. అప్పటికి పందిరి మీద పదకొండు బీరపిందెలు ఉన్నాయి. పాప వాటికి లెక్క కట్టి ఫ్రిజ్ మీద అంటించింది.

ఇలాంటి ఉత్తరం చేతికందగానే పీకేసేవాళ్లు మనలో చాలామంది. అవసరం లేదు. టెక్సస్ ప్రాపర్టీ కోడ్ ప్రకారం జరిమానా వేసే ముందు సంఘం రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి, సరిచేసుకోవడానికి తగిన గడువు ఇవ్వాలి. నోటీసు పంపిన తేదీ నుంచి 30 రోజుల్లోగా ఇంటి యజమాని విచారణ కోరవచ్చు. 2021లో వచ్చిన మార్పుల తర్వాత, 40 ఇళ్ల కంటే పెద్ద కాలనీల్లో నిర్మాణాల అనుమతి కమిటీలో సంఘం బోర్డు సభ్యులు ఉండకూడదు. దరఖాస్తు తిరస్కరిస్తే కారణమేంటో, ఏం మారిస్తే ఒప్పుకుంటారో రాసి ఇవ్వాలి. వాన నీటి పీపాలు, కంపోస్టు గుంతలు, నీటిని పొదుపు చేసే గొట్టాలను హెచ్‌ఓఏ పూర్తిగా నిషేధించడానికి వీల్లేదని కూడా ఇక్కడి చట్టంలో ఉంది. ఎక్కడ, ఎలా పెట్టాలన్న షరతులు మాత్రం పెట్టవచ్చు.

మిగతా రాష్ట్రాల్లో చట్టాలు వేరు. ఫ్లోరిడాలో ఇంటి ముందు కూరగాయలు పెంచుకోవడాన్ని స్థానిక ప్రభుత్వాలు అడ్డుకోకుండా 2019లో చట్టం చేశారు. మయామీ షోర్స్‌లో హెర్మీన్ రికెట్స్, టామ్ క్యారల్ దంపతులు తమ ముందు పెరడు కోసం ఏళ్ల తరబడి చేసిన పోరాటం దాని వెనక ఉంది. కానీ ఆ చట్టం నగరపాలక సంస్థల చేతులు కడుతుంది తప్ప హెచ్‌ఓఏల చేతులు కట్టదు. ఇల్లు కొనేటప్పుడు ఆ నియమావళి కట్ట మీద సంతకం పెట్టేది మనమే కాబట్టి, సంతకానికి ముందే తీగలు, కంచెలు, తడకల పేజీలు చదువుకోవాలి.

మేం విచారణ కోరుతూ ఉత్తరం రాశాం. ఫొటోలు, కొలతలు, నవంబరు చివరికి తీసేస్తామన్న హామీ జతచేశాం. పక్కింట్లో ఒంటరిగా ఉండే రిటైర్డ్ టీచరమ్మ తనంతట తానే ఒక ఉత్తరం రాసి ఇచ్చింది. ఆమెకు అమ్మ భాష రాదు, అమ్మకు ఆమె భాష రాదు. కంచె మీదుగా కాకరకాయలు ఇటు నుంచి అటు, టమాటాలు అటు నుంచి ఇటు నడుస్తుండేవి.

‘ఇది చిక్కుడే కదే!’

జులైలో క్లబ్ హౌస్‌లో విచారణ. ఐదుగురు సభ్యులు. వాళ్లూ మనలాంటి ఇళ్లవాళ్లే, సాయంత్రాలు తీరిక చేసుకుని వచ్చినవాళ్లే. అమ్మను ఇంట్లో వదలబుద్ధి కాక తీసుకెళ్లాం. ఉతికిన నేతచీర కట్టుకుని చివరి కుర్చీలో కూర్చుంది. వాళ్ల అభ్యంతరం వింటే సబబుగానే అనిపించింది. ఒకరికి ఒప్పుకుంటే రేపు ఇంకొకరు ఇంటి ముందు తుప్పు రేకులు నిలబెడతారు. చలికాలంలో ఎండు తీగలు వేలాడితే చూసేవాళ్లకు బాగోదు. అమ్మడానికి పెట్టిన ఇంటి పక్కన అలా ఉంటే ధర తగ్గుతుందన్న భయం కూడా.

చివరికి నాలుగు షరతులతో ఒప్పుకున్నారు. జాలీకి ముదురాకుపచ్చ రంగు వేయాలి. ఎత్తు ఆరడుగులు దాటకూడదు. మొదటి మంచు పడ్డాక రెండు వారాల్లో తీగలు తీసేయాలి. రోడ్డుకు దగ్గరగా ఉన్న ఒక పలక మీద కూరగాయ కాకుండా పూలతీగ ఉండాలి. ఆ చివరి షరతు పెట్టిన ఆవిడే ఫోనులో ఒక బొమ్మ చూపించి, హయసింత్ బీన్ అనే తీగ చాలా అందంగా ఉంటుంది, అది పెట్టండి అంది. ఊదారంగు పూలు, ముదురు ఊదా కాయలు. అమ్మ ఫోను దగ్గరగా తీసుకుని చూసి, “ఇది చిక్కుడే కదే!” అంది.

అవును, చిక్కుడే. అమెరికన్లు దాన్ని అందం కోసం పెంచుతారు. థామస్ జెఫర్సన్ నివాసం మోంటిసెల్లో తోటలో ఇప్పటికీ ఈ ఊదా చిక్కుడును పందిరికి పాకిస్తారు. నర్సరీలో అది పూల వరసలో ఉంటుంది. మా ఇంట్లో కూర వరసలో ఉంటుంది. లేతకాయల్ని బాగా ఉడికించి తినాలి. ముదురు గింజలు పచ్చివి తినకూడదు. పక్కింటి టీచరమ్మ దగ్గర అప్పటికే రెండు ఊదా మొక్కలు కుండీల్లో ఉన్నాయి. విషయం విని ఒక కుండీ ఇటు ఇచ్చేసింది.

పగలు తగ్గితేనే పూత

పెరటి వైపు అమ్మ మే నెలలోనే పల్నాటి రకం పచ్చచిక్కుడు పెట్టింది. అది ఆకు మీద ఆకు వేసి గోడంతా కమ్మేసింది గానీ పువ్వు జాడ లేదు. దీనికీ కారణం ఉంది. మన పాత చిక్కుడు రకాలు పగటి పొడవు తగ్గితేనే పూస్తాయి. నరసరావుపేటలో ఎంత ఎండాకాలమైనా పగలు 13 గంటల పైచిలుకే. డల్లాస్‌లో జూన్‌లో 14 గంటలు దాటుతుంది. సెప్టెంబరు చివర్లో పగలూ రాత్రీ సమానమయ్యాక గానీ ఆ తీగకు కాలం వచ్చినట్టు అనిపించదు. ఇక్కడి ఊదా రకం వేసవి చివరికే పూసేస్తుంది.

డల్లాస్‌లో మొదటి గడ్డకట్టే చలి సాధారణంగా నవంబరు రెండో సగంలో వస్తుంది కాబట్టి మన చిక్కుడుకు ఎలాగో నెలన్నర కాపు దక్కుతుంది. న్యూజెర్సీలో అక్టోబరులోనే మంచు పడుతుంది. అక్కడివాళ్లు పాత రకాలు పెట్టి ఆకులు చూసుకుంటూ కూర్చునే బదులు, పగటి పొడవుతో పనిలేని రకాలు అడిగి తెచ్చుకోవడం మేలు. సొర, బీర నారు ఇంట్లోనే ఏప్రిల్‌లో పోసి, మే రెండో సగంలో బయట నాటాలి.

అమ్మ టికెట్ సెప్టెంబరు 28కి. ఆ వారంలో రోజూ పొద్దున్నే చిక్కుడు తీగ కొసలు తిప్పి చూసేది. బయల్దేరే ముందురోజు ఒక్క కొస మీద ఆవగింజంత మొగ్గలు కనిపించాయి. “వచ్చాయే. ఇక నాకు దిగుల్లేదు. నువ్వు మాత్రం కాయ ముదరనీకు” అంది. అక్టోబరు చివర్లో మొదటి కోత. అల్లం పచ్చిమిర్చి వేసి కూర ఎలా చేయాలో వీడియో కాల్‌లో చెప్పించుకున్నాను. అవతల నాన్న మోకాలి ఆపరేషన్‌కు తేదీ అడుగుతున్నారు. ఈ ఏడాది అమ్మ రాలేదు. గత నవంబరులో తీగ మీదే ఎండనిచ్చి తీసిన గింజలతో పందిరి ఈసారి మేమే వేశాం. పాదుకు మూడు గింజలు పెట్టాలని పాప చెప్పింది.

మల్లె పేరుతో వచ్చేవి

కాయల తీగలు కాకుండా పూలతీగ కావాలనుకునేవాళ్లు పేర్లు చూసి మోసపోవద్దు. నర్సరీల్లో స్టార్ జాస్మిన్ అని అమ్మేది మల్లె కాదు, గన్నేరు కుటుంబానిది. వాసన బాగుంటుంది, గోడ పక్కన తడకకు బాగా పాకుతుంది. కరోలినా జెస్సమిన్ అనే పసుపుపూల తీగ అసలు జాతే వేరు, మొక్కంతా విషం. పిల్లలున్న ఇంట్లో, పూలు కోసి దేవుడికి పెట్టే అలవాటున్న ఇంట్లో అది వద్దు. మన గుండుమల్లె కావాలంటే కుండీలోనే పెట్టుకుని చలికాలం లోపలికి తెచ్చుకోవాలి. 2021 ఫిబ్రవరి 16న ఇక్కడ సున్నాకు 19 డిగ్రీలు కిందికి పోయింది. బయట ఉన్న మల్లె, కరివేపాకు, కాగితంపూలు కాలనీల కొద్దీ పోయాయి. ఆ చలిని తట్టుకుని మళ్లీ చిగురించే తీగ కావాలంటే టెక్సస్ సొంత తీగలైన కోరల్ హనీసకిల్, క్రాస్‌వైన్ ఉన్నాయి. వాటి గొట్టాల్లాంటి పూల కోసం తేనెపిట్టలు వస్తాయి.

దొండ విషయంలో ఒక మాట. కొమ్మ గుచ్చితే బతుకుతుంది, దుంపవేరు వదలదు. అదే గుణం వల్ల హవాయిలో దాన్ని ప్రమాదకర కలుపు మొక్కల జాబితాలో పెట్టారు. చలి లేని రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు పెట్టే ముందు స్థానిక వ్యవసాయ విస్తరణ కార్యాలయాన్ని అడగండి. ఎండకు తట్టుకునే సులువైన తీగ కావాలంటే బచ్చలిని మించింది లేదు. జులై ఎండలో బీర కూడా పిందె ఆపేస్తుంది, బచ్చలి మాత్రం నిగనిగలాడుతుంది.

మీ ఇంటికి పెద్దవాళ్లు వస్తుంటే

టికెట్ కొన్నప్పుడే కాలనీ నియమావళి తీసి చూడండి. అనుమతి కావాలంటే ఫిబ్రవరిలోనే దరఖాస్తు పెట్టండి. గుంజలు, జాలీ వాళ్లు వచ్చేసరికి నిలబెట్టి ఉంచండి, మట్టి తవ్వి ఎరువు కలిపి ఉంచండి. ఏప్రిల్, మే నెలల్లో వచ్చేవాళ్ల చేత బీర, సొర, కాకర, బచ్చలి గింజలు వేయించండి, వాళ్లు ఉండగానే కాపు చూస్తారు. జులైలో వచ్చేవాళ్లకు చిక్కుడు వదిలిపెట్టండి, చలి మొదలయ్యేలోపు కోసుకుంటారు. మోకాళ్లు వంగనివాళ్లకు నడుమెత్తు తొట్టెలు పెట్టండి. పొద్దున్నే నీళ్లు పోయడానికి లేచే మనిషికి ఆ రోజు ఎలా గడుస్తుందన్న బెంగ సగం తగ్గుతుంది.

తీగకు కాయ బరువా అంటారు మన పెద్దలు. పందిరి గట్టిగా ఉంటే కాదు. ఆ పందిరి వేసిపెట్టే పని మనది.